ఉద్యోగం తీసేవాళ్ల ప్రణాళిక

మేం ఉద్యోగాలు తీసేవాళ్లం. మాలో మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల టీమ్ లీడ్లున్నారు, డెలివరీ మేనేజర్లున్నారు, హెచ్‌ఆర్ వాళ్లున్నారు. జీడిమెట్లలో పాతిక ముప్పై మందితో యూనిట్ నడుపుకునే యజమానులున్నారు. విజయవాడలో ఇంటర్ కాలేజీ ప్రిన్సిపాళ్లున్నారు. డల్లాస్‌లో కూర్చుని హైదరాబాద్ టీమును నడిపేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగుల తరఫున మాట్లాడడానికి సంఘాలున్నాయి, ఉండాలి కూడా. వాళ్ల పని మేం చేయబోవడం లేదు. బల్లకు ఇవతలి వైపు కూర్చునేవాళ్లు తమ మీద తామే పెట్టుకుంటున్న కట్టుబాట్లివి.

ఒక మాట మొదట్లోనే తేల్చేస్తాం. ఎవరినీ ఎప్పుడూ తీయకూడదని మేం అనడం లేదు. ప్రాజెక్టులు పోతాయి. క్లయింటు మారతాడు. కొందరికి ఆ పని రాదు, నేర్పినా రాదు. కొందరు తప్పు చేస్తారు. చిన్న యజమానికి బ్యాంకులో డబ్బు అయిపోతుంది. ఇవన్నీ ఉండేవే. తీయక తప్పనప్పుడు ఎలా తీస్తున్నామన్నదే మా గొడవ.

మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. తీసేసే మనిషి మీద మనకు దయ ఉందో లేదో మన గొంతులోని మెత్తదనం చూసి తెలియదు. ఆ నిర్ణయం వల్ల పడే బరువులో మన వంతు ఎంత మోశామన్నదాన్ని బట్టే తెలుస్తుంది. అందులో డబ్బు బరువుంది, టైము బరువుంది, ఎదురుగా కూర్చుని మాట పడాల్సిన బరువుంది. ఈ మూడూ అవతలి మనిషి నెత్తిన పెట్టేసి, పైన 'ఆల్ ది బెస్ట్' అని మెయిలు పెడితే అది చావు కబురు చల్లగా చెప్పడమే.

ఇప్పుడు నడుస్తున్న పద్ధతి

మాకు తెలియంది కాదు, మా చేతుల మీదుగా నడుస్తున్నదే. శుక్రవారం సాయంత్రం నాలుగింటికి క్యాలెండర్‌లో ఒక మీటింగ్ పడుతుంది. దాని పేరు 'క్విక్ కనెక్ట్'. లోపలికెళితే మేనేజరు పక్కన అంతకు ముందు ఎప్పుడూ చూడని హెచ్‌ఆర్ అమ్మాయి. ఆ అమ్మాయి ముందు ఒక కాగితం. 'బిజినెస్ రీజన్స్' అంటూ చదువుకుంటూ పోతుంది. మేనేజరు తన ల్యాప్‌టాప్ వంకే చూస్తుంటాడు, అందులో ఏదో ముంచుకొచ్చినట్టు. మీటింగు ముగిసేలోపే మెయిలు లాగౌట్ అయిపోతుంది. ఐడీ కార్డు అక్కడే పెట్టేయాలి. సీటు దగ్గరున్న టిఫిన్ బాక్సు తెచ్చుకోవడానికి సెక్యూరిటీ గార్డు వెంట వస్తాడు. నాలుగేళ్లుగా రోజూ పొద్దున నమస్తే పెట్టిన గార్డే. పాపం, ఎక్కడ చూడాలో తెలియక అతనూ నేల చూపులు చూస్తాడు. కిందికొస్తే క్యాబ్ లిస్టులో పేరు లేదు. ఇంటికెళ్లడానికి సొంత డబ్బుతో ఆటో.

ఇంకో పద్ధతి ఇంతకన్నా నాజూకైనది. 'మీరే పేపర్లు పెట్టేయండి, రికార్డు క్లీన్‌గా ఉంటుంది' అంటారు. వినడానికి మేలు చేసినట్టే ఉంటుంది. అసలు కిటుకు వేరే. చట్టం దృష్టిలో ఉద్యోగి తనంతట తాను రాజీనామా చేస్తే అది రిట్రెంచ్‌మెంట్ కిందికి రాదు. రిట్రెంచ్‌మెంట్ కాకపోతే పనిచేసిన ఒక్కో ఏడాదికి పదిహేను రోజుల సగటు జీతం చొప్పున పరిహారం ఇవ్వక్కర్లేదు, ప్రభుత్వానికి తెలియజేయక్కర్లేదు, తర్వాత అదే పోస్టు మళ్లీ తెరిచినప్పుడు ముందు ఈ మనిషినే పిలవక్కర్లేదు. 'రికార్డు క్లీన్' అన్నది నిజమే, కాకపోతే ఆ రికార్డు కంపెనీది. సంతకం చేయకపోతే రిలీవింగ్ లెటర్ రాదని, బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో ఎర్ర గీత పడుతుందని ఇరవై ఆరేళ్ల పిల్లను భయపెట్టి ఆ కాగితం రాయించుకోవడం మా వృత్తిలో రోజువారీ పని అయిపోయింది.

పెద్ద స్థాయిలోనూ ఇదే వరస. 2019 అక్టోబర్ 5న తెలంగాణ ఆర్టీసీ కార్మికులు సమ్మెకు దిగితే, గడువులోగా డ్యూటీలో చేరని దాదాపు 48 వేల మంది తమంతట తామే ఉద్యోగాలు వదులుకున్నట్టేనని ప్రభుత్వం తేల్చేసింది. మూడు రోజుల్లో దసరా. ఎవరినీ పిలిచి చెప్పలేదు, ఎవరి చేతికీ కాగితం ఇవ్వలేదు. డ్రైవర్లు, కండక్టర్లు తమ ఉద్యోగం ఉందో పోయిందో టీవీ స్క్రోలింగ్‌లో చూసుకోవాల్సి వచ్చింది. 52 రోజుల సమ్మె ముగిశాక నవంబర్ చివర్లో మళ్లీ డ్యూటీలో చేర్చుకున్నారు. ఈలోగా కొన్ని ప్రాణాలు పోయాయి. సమ్మె న్యాయమా అన్యాయమా అన్న వాదన మాకొద్దు. అన్ని వేల ఇళ్ల పొయ్యి మీద ప్రభావం పడే మాటను ఎవరి ముఖం చూడకుండా మైకు ముందు చెప్పేయొచ్చన్న అలవాటు మాలో ప్రతి ఒక్కరికీ కొంత అంటుకుంది, అదే మా బాధ.

2021 డిసెంబర్ 1న బెటర్ డాట్ కామ్ అనే అమెరికా కంపెనీ సీఈఓ ఒక్క జూమ్ కాల్‌లో సుమారు 900 మందిని తీసేశాడు. ఈ కాల్‌లో ఉన్నారంటే మీరు ఆ దురదృష్టవంతుల్లో ఉన్నట్టే అన్న ధోరణిలో చెప్పాడు. లోకమంతా తిట్టింది, ఆయన తర్వాత క్షమాపణ చెప్పుకున్నాడు. మేమూ తిట్టాం. తిట్టి, ఆ మర్నాడు మా ఆఫీసుల్లో మెయిలుతో సరిపెట్టాం.

ఇక మా ప్రైవేటు కాలేజీల సంగతి. వేసవి సెలవులివ్వగానే 'ఈ ఏడాది మీ అవసరం ఉండకపోవచ్చు సార్' అని ఫోను. ఆ ఫోనైనా రాక, జూన్‌లో కాలేజీ తెరిచాక వెళ్లి టైమ్‌టేబుల్లో పేరు వెతుక్కున్న లెక్చరర్లున్నారు. కరోనా ఏడాదిలో పరిస్థితి అది కూడా దాటిపోయింది. చాలామంది టీచర్లు కూరగాయల బండ్లు పెట్టుకున్నారు, ఉపాధి హామీ పనులకు వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ప్రైవేటు టీచర్లకు నెలకు రెండు వేల రూపాయలు, పాతిక కిలోల బియ్యం ఇవ్వాల్సి వచ్చింది. ఏళ్ల తరబడి వాళ్ల పాఠాల మీద ర్యాంకుల హోర్డింగులు పెట్టుకున్న యాజమాన్యాల చేతి నుంచి రావాల్సిన బియ్యం రేషన్ షాపు నుంచి వచ్చింది.

నిర్ణయం ఎవరిదో, నోరూ వారిదే

ఇది మా మొదటి కట్టుబాటు. మిగతావన్నీ దీని తర్వాతే.

తీసేయాలని తేల్చింది ఎవరో వాళ్లే ఎదురుగా కూర్చుని చెప్పాలి. ఆ మనిషిని రోజూ చూసే మేనేజరు పక్కన ఉండాలి. ముగ్గురు దాటకూడదు. హెచ్‌ఆర్ వాళ్లు కాగితాల కోసం ఉంటారు, నోటి కోసం కాదు. వేరే ఊళ్లో ఉంటే వీడియో కాల్ పెట్టాలి, ఒక్కరికి ఒక కాల్. రెండొందల మందిని తీయాల్సి వస్తే రెండొందల సంభాషణలు జరగాలి. అంత టైము లేదనేవాళ్లకు మా జవాబు: వాళ్లను చేర్చుకున్నప్పుడు ఒక్కొక్కరికి నాలుగేసి రౌండ్ల ఇంటర్వ్యూలు పెట్టడానికి టైము దొరికింది కదా.

మొదటి నిమిషంలోనే విషయం చెప్పాలి. పిల్లలు బాగున్నారా, వీకెండ్ ఎలా గడిచిందని నాలుగు మాటలాడి మెల్లగా తేవడం అవతలి మనిషికి నరకం. గదిలోకి రాగానే వాళ్లకు సగం అర్థమైపోయి ఉంటుంది. ఇలా చెప్పాలని మేం అనుకున్నాం: "కూర్చోండి. మీకు ఒక చెడ్డ కబురు చెప్పాలి. ఈ నెల 30తో మీ ఉద్యోగం ముగుస్తోంది. ఈ నిర్ణయం తీసుకున్నది నేను. ఇది మారదు. కారణం చెబుతాను, ఆ తర్వాత మీరడిగే ప్రతి దానికీ జవాబు చెబుతాను." అంతే. 'మారదు' అన్న మాట కఠినంగా వినిపిస్తుంది గానీ, అది చెప్పకపోతే ఆ మనిషి రాత్రంతా మేలుకుని ఎవరిని పట్టుకుంటే పని అవుతుందో ఆలోచిస్తాడు. ఊళ్లో మేనమామకు తెలిసిన ఎమ్మెల్యే పీఏ దాకా ఫోన్లు వెళతాయి. లేని ఆశ పెట్టడం కన్నా ఇది నయం.

తర్వాత మాట్లాడడం ఆపాలి. ఇది చాలామందికి చేతకాదు. ఆ నిశ్శబ్దం భరించలేక ఏదో ఒకటి వాగేస్తాం. 'నాకు కూడా రాత్రి నిద్ర పట్టలేదండీ' అని మొదలుపెడతాం. మా సభ్యులెవరూ ఆ గదిలో తమ బాధ గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదు. మన నిద్ర సంగతి మన ఇంట్లో చెప్పుకుందాం. ఉద్యోగం పోయినవాడి చేత 'పర్లేదు సార్, మీరేం చేస్తారు' అని ఓదార్చించుకోవడం కన్నా నీచం ఉండదు. 'ఇదీ మీ మంచికే', 'ఇంతకన్నా మంచిది దొరుకుతుంది' లాంటివి కూడా అసలు వద్దు. దొరికితే దొరకొచ్చు, అది మన నోటి నుంచి రావాల్సిన మాట కాదు.

కోపం వస్తే రానివ్వాలి. ఏడిస్తే నీళ్లిచ్చి కూర్చోవాలి. 'నా కన్నా తక్కువ పని చేసినవాడు ఉన్నాడు, నన్నెందుకు తీశారు' అని అడిగితే ఇంకొకరి పేరు మాట్లాడకుండా, దాని మీద మన దగ్గరున్న నిజమైన కారణం చెప్పాలి. నిజమైన కారణం చెప్పడానికి సిగ్గేస్తే ఆ నిర్ణయాన్నే మళ్లీ చూసుకోవాలి.

రోజు, గంట కూడా చూసుకోవాలి. శుక్రవారం సాయంత్రం వద్దు. అప్పుడు చెబితే ఆ మనిషి రెండు రోజులు ఎవరికీ ఫోన్ చేయలేక, ఏ ప్రశ్నకూ జవాబు దొరక్క ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోవాలి. వారం మధ్యలో, పొద్దున పూట చెబితే అదే రోజు నాలుగు ప్రశ్నలతో వెనక్కి రావచ్చు. సంక్రాంతికి బస్సు టికెట్లు తీసుకున్నాక, ఇంట్లో పెళ్లి పెట్టుకున్న వారంలో వద్దు. ప్రసూతి సెలవులో ఉన్న ఆడమనిషిని తీయడం చట్టం ప్రకారమే నేరం. అయినా ఆ సెలవు ముగిసి వచ్చిన మొదటి సోమవారం చెప్పిన సందర్భాలు మాకు తెలుసు. అక్షరానికి చట్టం నిలిచిందని చంకలు గుద్దుకున్నారు.

ఆరు నెలల ముందు సంగతి

ఉద్యోగం పోయే రోజు దయ చూపిస్తామంటే ఆలస్యమైపోయినట్టే. పని సరిగా లేదని తీసే కేసుల్లో దయ చూపాల్సింది అంతకు ఆరు నెలల ముందు. ప్రతి ఏడూ 'మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్' అని రేటింగ్ ఇచ్చి, హైక్ లెటర్ మీద 'గ్రేట్ జాబ్' అని రాసి, ఒక రోజు పొద్దున 'మీ పెర్ఫార్మెన్స్ బాగోలేదు' అనడం మోసం. మొహమాటానికి మంచి రేటింగ్ ఇచ్చిన ఆ మేనేజరు మంచివాడని పేరు తెచ్చుకుంటాడు, ఆ పేరుకు ఖర్చు పెట్టుకున్నది అవతలివాడు. ఏం తక్కువైందో మొహం మీద, ఉదాహరణతో, కాగితం మీద చెప్పాలి. నేర్చుకోవడానికి సరిపోయే గడువివ్వాలి. మా ఆఫీసుల్లో పిప్ (పెర్ఫార్మెన్స్ ఇంప్రూవ్‌మెంట్ ప్లాన్) పేరుతో నడిచేది ఎక్కువగా బయటికి పంపడానికి ఫైలు తయారు చేయడమే. నిజంగా నిలబెట్టుకోవాలన్న ఉద్దేశం లేకపోతే ఎవరికీ పిప్ పెట్టం. తీయాలని ముందే అనుకుంటే తీస్తున్నామని చెప్పి, పిప్‌కు పెట్టే ఆ గడువును వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి ఇస్తాం.

చిన్న యజమానులకు ఇది ఇంకో రకంగా వర్తిస్తుంది. ఆర్డర్లు తగ్గిపోతున్నాయని మీకు జనవరిలో తెలుసు. పనివాళ్లకు మార్చి 31న చెబుతారు. 'ముందే చెబితే మంచి పనివాళ్లు వెళ్లిపోతారు' అంటారు. అవును, వెళ్లిపోతారు. వాళ్ల బతుకు తెరువు వాళ్లు చూసుకోవడాన్ని ఆపే హక్కు మనకెక్కడిది? పరిహారం ఇచ్చే స్తోమత లేని యజమాని ఇవ్వగలిగిన ఒకే ఒక్కటి ముందు కబురు. అది పైసా ఖర్చు లేనిది.

డబ్బూ కాగితాలూ

ఇక్కడ కొంచెం వివరంగా చెబుతాం, ఎందుకంటే దయ అనగానే అందరూ కన్నీళ్ల గురించే మాట్లాడతారు, పీఎఫ్ గురించి ఎవరూ మాట్లాడరు.

2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం ఉద్యోగిని తీసేసినా, ఉద్యోగి రాజీనామా చేసినా, రావాల్సిన జీతం రెండు పనిదినాల్లో ఇవ్వాలి. ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్మెంట్‌కు 45 రోజులని హెచ్‌ఆర్ పాలసీల్లో రాసుకున్న రోజులు పోయాయి. అదే రోజు అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ రిట్రెంచ్ అయిన కార్మికుడి కోసం రీస్కిల్లింగ్ ఫండ్ పెట్టమంది. పదిహేను రోజుల జీతానికి సమానమైన మొత్తం యజమాని అందులో వేయాలి, అది 45 రోజుల్లో ఆ కార్మికుడి ఖాతాకు చేరాలి. ఈ కోడ్ మేనేజర్ స్థాయి వాళ్లకు వర్తించదు. మేం మాత్రం ఆ గీత పట్టించుకోం. చట్టంలో ఉన్నది కనీసం, మా పరిధిలో అందరికీ అదే ఇస్తాం.

గ్రాట్యుటీకి సాధారణంగా ఐదేళ్ల సర్వీసు కావాలి. ఐదేళ్లు నిండడానికి కొద్ది నెలల ముందు ఒక మనిషిని తీసేసి, ఆ లెక్క చూసుకుని నవ్వుకున్న ఫైనాన్స్ వాళ్లను మేం చూశాం. ఐదేళ్లకు ఆరు నెలల దూరంలో ఉన్నవాళ్లెవరినైనా తీయాల్సి వస్తే ఆ డబ్బు పూర్తిగా ఇస్తాం. చట్టం అడిగినా అడగకపోయినా మేం ఇస్తాం.

కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ ఆఖరి రోజుతో ఆగిపోతుంది. అందులో అమ్మానాన్న పేర్లు ఉంటాయి. నాన్నకు వారానికి మూడు డయాలసిస్‌లు ఉంటే కొడుక్కి జీతం పోవడం కన్నా ఆ కార్డు పోవడమే పెద్ద దెబ్బ. గ్రూప్ పాలసీలోంచి అదే బీమా కంపెనీ దగ్గర సొంత పాలసీకి మారే వీలుంది, కాకపోతే గడువులోపు అడగాలి. ఈ సంగతి చెప్పేవాళ్లుండరు. ఆ మొదటి సంభాషణలోనే చెప్పి, ఫారం నింపించి పంపడం మా బాధ్యత. పాలసీ ఏడాది ముగిసేదాకా ఆ కుటుంబాన్ని కవర్‌లోనే ఉంచేలా కంపెనీని ఒప్పించడానికి ప్రయత్నిస్తాం.

ఈఎస్ఐ కిందున్న కార్మికులకు అటల్ బీమిత్ వ్యక్తి కళ్యాణ్ యోజన అని ఒకటుంది. అర్హత ఉంటే సగటు జీతంలో సగం, 90 రోజుల దాకా వస్తుంది. జీడిమెట్లలో, పాశమైలారంలో ఎంతమంది సూపర్‌వైజర్లకు దాని పేరు తెలుసో అడిగి చూడండి. పీఎఫ్ ఖాతాలో ఎగ్జిట్ డేట్ వేయకపోతే ఆ డబ్బు తీసుకోవడం ఆలస్యమవుతుంది. ఆ డేట్ వేయడానికి మన క్లర్కుకు పట్టేది రెండు నిమిషాలు. రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియెన్స్ లెటర్, జీతం స్లిప్పులు ఆఖరి రోజు చేతికివ్వాలి. వాటిని బెదిరింపుకు వాడుకున్న సభ్యుణ్ని వెంటనే బయటికి పంపుతాం, ఈ విషయంలో రెండో మాట లేదు.

అమెరికాలో ఉన్న మా సభ్యులకు ప్రత్యేకంగా ఒక మాట. హెచ్1బీ మీదున్న మనిషి ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులే గడువు. కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదా స్టేటస్ మార్చుకోవాలి, లేదా ఇల్లూ కారూ పిల్లల బడీ అన్నీ వదిలేసి విమానం ఎక్కాలి. ఆ 60 రోజుల లెక్క సాధారణంగా జీతం లెక్కకట్టే ఆఖరి రోజు మర్నాటి నుంచి మొదలవుతుంది. ఆ ఆఖరి తేదీ ఏదన్నది చాలాసార్లు మేనేజరు చేతిలో ఉంటుంది. ఒక నెల వెనక్కి జరిపితే కంపెనీకి ఒక నెల జీతం, ఆ కుటుంబానికి కొండంత ఊరట. వీసా గడువుకు ముందే తీసేస్తే తిరుగు ప్రయాణానికి సబబైన ఖర్చు ఇవ్వాల్సిన బాధ్యతను అక్కడి నిబంధనలు యజమాని మీదే పెట్టాయి. తెలిసీ చెప్పని మన తెలుగు మేనేజర్లు లేకపోలేదు.

ఇంత చేయడం కుదిరే పనేనా అంటే, కుదిరిన చోట్లున్నాయి. టాటా స్టీల్ 1990ల నుంచి 2000ల మధ్య దాకా జమ్‌షెడ్‌పూర్‌లో సుమారు 78 వేల మంది సిబ్బందిని దాదాపు సగానికి తగ్గించుకుంది. ఎర్లీ సెపరేషన్ స్కీమ్ కింద వెళ్లినవాళ్లకు రిటైరయ్యే వయసు దాకా నెలనెలా జీతం ఇస్తూ పోయింది. పెద్ద కంపెనీ, వాళ్లకు చెల్లిందనొచ్చు. ఎయిర్‌బీఎన్‌బీ 2020 మేలో కరోనాతో వ్యాపారం కుప్పకూలిన వేళ సుమారు 1,900 మందిని తీసేస్తూ, ఎందుకు, ఎలా ఎంచుకున్నామో అధిపతి స్వయంగా రాశాడు. అమెరికాలో పద్నాలుగు వారాల జీతం, ఏడాది హెల్త్ ఇన్సూరెన్స్ ఇచ్చారు, ల్యాప్‌టాప్ ఉంచుకోమన్నారు, కొత్త ఉద్యోగం వెతకడానికి మనుషుల్ని పెట్టారు. అన్నీ సరిగ్గా చేశారని మేం సర్టిఫికెట్ ఇవ్వడం లేదు. కష్టకాలంలో మొదట తెగేది ఇలాంటి ఖర్చే అన్న మాట అబద్ధమని మాత్రం తేలింది.

మాకు ఎదురయ్యే మాటలు

సెక్యూరిటీ అంటారు. కోపంలో కోడ్ డిలీట్ చేస్తే? సరే, ప్రొడక్షన్ సర్వర్ల యాక్సెస్ ఆ గంటలోనే తీసేయండి, తప్పు లేదు. తన జీతం స్లిప్పులు, పిల్లల ఫొటోలు, పదేళ్ల ఫోన్ నంబర్లు తీసుకోవడానికి ఒకరిని పక్కన కూర్చోబెట్టి గంట టైమివ్వండి. సహోద్యోగులకు వీడ్కోలు మెయిలు రాసుకోనివ్వండి. ఒక మనిషి దొంగతనం చేయొచ్చు కాబట్టి వంద మందిని దొంగల్లా బయటికి నడిపించడం న్యాయం కాదు.

లాయర్లు ఏమీ మాట్లాడొద్దంటారు. మాట్లాడిందే కేసవుతుందంటారు. లాయరు పని కంపెనీని కాపాడడం, ఆ మాట వినాలి. విన్నాక కూడా నిజం చెప్పడానికి చోటుంటుంది. మా అనుభవంలో కోర్టుకెళ్లేది అవమానపడ్డవాళ్లే ఎక్కువ.

ఇక తప్పు చేసినవాళ్ల సంగతి కష్టమైనది, దాని మీద మాలోనే తగవులున్నాయి. లైంగిక వేధింపుల కేసులో 2013 చట్టం ప్రకారం కమిటీ విచారించి తప్పు చేశాడని తేల్చిన మనిషి మీద దయేంటని మా ఆడ సభ్యులు అడిగారు. వాళ్లడిగింది సబబు. అక్కడ ముందు రావాల్సింది ఫిర్యాదు చేసినామె క్షేమం. ఆ మనిషికి మనం బాకీ పడింది సరైన విచారణ, చెప్పుకోవడానికి అవకాశం, నలుగురి ముందు ఊరేగించకుండా పంపడం. అంతకు మించి ఏమీ లేదు. ముఖ్యంగా, పీడ వదిలితే చాలని మంచి సర్టిఫికెట్ రాసిచ్చి ఇంకో కంపెనీ ఆడపిల్లల మీదికి తోలడం దయ కిందికి రాదు. డబ్బు కాజేసిన కేసుల్లో పోలీసులకు చెప్పాలా వద్దా అన్నది మేమింకా తేల్చుకోలేదు. వచ్చే సమావేశానికి వాయిదా వేశాం.

మిగిలినవాళ్లు

ఖాళీ కుర్చీ పక్కన కూర్చున్నవాళ్లకు అదే రోజు విషయం చెప్పాలి. వెళ్లిన మనిషి పేరు పలకడానికి భయపడకూడదు. వాట్సాప్ గ్రూపులోంచి నిశ్శబ్దంగా తీసేసి, ఆయన పని నలుగురికి పంచేసి, 'బిజినెస్ యాజ్ యూజువల్' అంటే మిగిలిన నలుగురూ ఆ రాత్రే నౌకరీ సైట్లో రెజ్యూమె అప్‌డేట్ చేస్తారు. చేయాలి కూడా.

బయటికెళ్లిన మనిషి ఇంట్లో ఇంకా చెప్పి ఉండకపోవచ్చు. రోజూ తొమ్మిదింటికి బ్యాగు వేసుకుని బయల్దేరి, మెట్రోలో అటూ ఇటూ తిరిగి, సాయంత్రం ఆరింటికి ఇంటికొచ్చేవాళ్లున్నారు. ఊళ్లో నాన్నకు తెలిస్తే కుదిరిన సంబంధం తప్పిపోతుందని, నార్సింగి ఫ్లాటు ఈఎంఐ గురించి మామగారు అడుగుతారని. ఒక నెల తర్వాత ఫోన్ చేయడం మా కట్టుబాట్లలో ఉంది. 'ఎలా ఉన్నారు' అని అడగడానికి మాత్రమే చేసే ఫోను వద్దు. ఇద్దరు ముగ్గురు మనుషుల నంబర్లు, లేదా ఒక ఖాళీ వివరం చేతిలో పెట్టుకుని చేయాలి. ఎత్తకపోతే మళ్లీ ఒక్కసారి, అంతే. ఎత్తి తిడితే వినాలి. మనకు థాంక్స్ చెప్పాల్సిన అవసరం వాళ్లకు లేదు, మనం దాని కోసం ఎదురుచూడకూడదు.

చేరేవాళ్లకు

ఈ గుంపుకు ఇంకా పేరు పెట్టలేదు. చందా లేదు, ఆఫీసు లేదు. చేరాలంటే పైన రాసినవాటిలో మీ చేతిలో ఉన్నవి ఏవో, మీ పైవాళ్ల చేతిలో ఉన్నవి ఏవో ఒక కాగితం మీద విడివిడిగా రాసి తీసుకురండి. మొదటి రకం ఆ నెల నుంచే మొదలుపెట్టాలి. రెండో రకం కోసం మీ కంపెనీలో ఎవరితో మాట్లాడతారో ఆ పేరు పక్కన రాయాలి. ఆరు నెలల్లో ఒక్కసారీ మాట్లాడకపోతే మీ పేరు కొట్టేస్తాం, కొట్టేసే ముందు ఎదురుగా కూర్చోబెట్టి చెబుతాం.

కార్మిక శాఖను మేం అడగబోయేవి రెండు. రాజీనామా పేరుతో నడిచే తొలగింపుల మీద, ఉద్యోగి వారంలోపు ఫిర్యాదు చేస్తే ఆ రాజీనామాను పక్కన పెట్టి విచారించే ఏర్పాటు ఉండాలి. బీమా, పీఎఫ్, ఈఎస్ఐ హక్కులన్నీ తెలుగులో ఒకే పేజీ మీద అచ్చేసి, ప్రతి తొలగింపు ఉత్తరంతో పాటు ఇవ్వడం తప్పనిసరి చేయాలి. శాఖ స్పందించేదాకా ఆ పేజీ మేమే తయారు చేసుకుంటాం. ముసాయిదా పని ఇద్దరు పేరోల్ క్లర్కులకు అప్పగించాం, ఎందుకంటే మేనేజర్లలో ఆ లెక్కలు పూర్తిగా తెలిసినవాళ్లు మాలో ఎవరూ లేరు.

నెలకోసారి కలుస్తాం. మా చేతుల మీదుగా ఉద్యోగం పోయినవాళ్లలో రావడానికి ఇష్టపడేవాళ్లను పిలుస్తాం, దారి ఖర్చులిస్తాం. ముందు వాళ్లు మాట్లాడతారు. వాళ్లు మాట్లాడుతున్నంతసేపూ మాలో ఎవరూ అడ్డు చెప్పకూడదు, సంజాయిషీ ఇవ్వకూడదు. నోట్సు రాసుకోవచ్చు.